మినుకుమినుకుమనే డ్యాష్‌బోర్డు దీపాలు: కొనేముందు కొలవండి

మన సంఘాలలో అనేకం నేడు సొంత వ్యాను గాని, అద్దె వ్యాను గాని నడుపుతున్నాయి. సభ్యుల ఇళ్ళలోకి కార్లు కూడా వచ్చాయి. పాల పరీక్ష గురించి, పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి మనం తరచు చెప్పుకుంటూనే వుంటాము. పాలను మోసే బండి గురించి చెప్పుకొనేది మాత్రం తక్కువ. స్టీరింగు ముందు వుండే మీటర్ల బోర్డులో దీపాలు మినుకుమినుకుమంటే దానిని ఎట్లా అర్థం చేసుకోవాలి, లోపాన్ని ఏ వరుసలో వెతకాలి, డబ్బు ఖర్చు పెట్టేముందు ఏమేమి చూసుకోవాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాము. మేము మోటారు విద్య చదివినవారము కాము. సహకార డిప్లొమా చదివి, సంఘాల వోచర్లు తనిఖీ చేసేవారము. ఒక వోచరు వెంట వెళ్ళినందువల్ల ఈ సంగతి నేర్చుకోవలసి వచ్చింది.

ఒక పూట పాలు

2018 మే నెలలో ఒక సాయంత్రం, కీసర వైపు గ్రామంలోని ఒక సంఘం వ్యాను 12 క్యాన్లలో 480 లీటర్ల పాలు ఎక్కించుకుని, ఇ.సి.ఐ.ఎల్., సైనిక్‌పురి మీదుగా వచ్చి నేరేడ్‌మెట్ చౌరస్తా వద్ద నిలిచిపోయింది. రద్దీలో ఇంజను ఆగింది. తాళం చెవి తిప్పితే సెల్ఫు తిరగలేదు. టక్కు టక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది. నలుగురు తోసినా ఇంజను అందుకోలేదు. మరొక వ్యాను తెప్పించి, క్యాన్లు మార్చి, డెయిరీకి చేర్చేసరికి రాత్రి 11 గంటలు దాటింది. అవి సాయంత్రం 5 గంటలకు పితికిన పాలు. పైగా మే నెల వేడిమి. డెయిరీలో నమూనాలు తీసి మరిగించి చూస్తే 9 క్యాన్ల పాలు విరిగాయి. వాటిని తిప్పి పంపారు. ఒకటి రెండు గేదెలున్న ఇంటికి ఒక పూట పాల డబ్బు రాకపోతే ఏమవుతుందో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

పాలకవర్గం డ్రైవరు మీద మండిపడింది. బండిని సరిగా చూసుకోలేదని, అతనిని తీసివేయాలని తీర్మానం రాయబోయారు. విచారణకు వెళ్ళిన మేము ముందుగా వోచర్ల ఫైలు తెరిచాము. మార్చిలో ఆల్టర్నేటరు మార్చినట్లు ఒక బిల్లు, ఏప్రిల్‌లో కొత్త బ్యాటరీ కొన్నట్లు మరొక బిల్లు వున్నాయి. రెండూ వేలల్లో ఖర్చు. రెండింటికీ తీర్మానాలు, రశీదులు, సంతకాలు సక్రమంగానే వున్నాయి. ఆ రెండు వోచర్లనూ తనిఖీలో సరేనని వదిలినవారము కూడా మేమే.

తరువాత బండి లాగ్‌బుక్కు చూశాము. డ్రైవరు తన వంకర అక్షరాలతో ఫిబ్రవరిలోనే రాశాడు: "రాత్రిపూట మీటరు లైట్లు కొట్టుకుంటున్నవి." మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి అదే మాట మళ్ళీ రాశాడు. అంటే ఆల్టర్నేటరు మార్చినా, బ్యాటరీ మార్చినా దీపాలు కొట్టుకోవడం తగ్గలేదన్నమాట. ఆ పేజీ కింద కార్యదర్శి సంతకం వుంది. రాసినదానిని చదివినవారు మాత్రం లేరు.

హవల్దారు అడిగిన ప్రశ్న

నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, యాప్రాల్ ప్రాంతాలలో సైన్యం నుంచి విరమించినవారు చాలామంది స్థిరపడ్డారు. దగ్గరలోని తిరుమలగిరిలో సైనిక వాహనాల, పరికరాల మరమ్మత్తు నేర్పే ఇ.ఎం.ఇ. కళాశాల కూడా వుంది. ఆ విభాగంలో పనిచేసి విరమించిన ఒక హవల్దారు గారి షెడ్డుకు వ్యానును లాక్కొని వెళ్ళారు. మేమూ వెంట వెళ్ళాము.

ఆయన పానా పట్టుకోకముందే డ్రైవరును అడిగాడు: "తమ్ముడూ, మీటరు లైట్లే కొట్టుకున్నయా, ముందు హెడ్‌లైట్లు కూడానా?" రెండూ అన్నాడు డ్రైవరు. "గుంతలల్ల ఎక్కువనా, ఇంజను స్లోగా వున్నప్పుడు ఎక్కువనా?" గుంతలలో ఎక్కువ అన్నాడు. "అయితే బోర్డు విప్పే పని లేదు," అని ఆయన వ్యాను కిందికి దూరాడు.

మెకానిక్కును పిలిచేముందు సభ్యులు కూడా వేసుకోవలసిన ప్రశ్నలు ఇవే. దీపాలు కొట్టుకోవడం ఒక గుర్తు మాత్రమే. రోగం మరొకచోట వుంటుంది. ఏ దీపాలు, ఎప్పుడు అన్న రెండు మాటలకు జవాబు దొరికితే రోగం వున్న చోటు సగం తెలిసినట్లే.

బండిలోని దీపాలన్నీ కలిసి కొట్టుకుంటే లోపం బ్యాటరీ, ఆల్టర్నేటరు, వాటిని కలిపే లావు వైర్లు, బెల్టు వీటిలో వుంటుంది. మీటర్ల బోర్డు దీపాలు మాత్రమే కొట్టుకుంటే లోపం ఆ బోర్డుకు వెళ్ళే దారిలో వుంటుంది. గుంతలలో ఎక్కువైతే ఏదో ఒక జాయింటు వదులుగా వుందని అనుమానించాలి. ఇంజను వేగంతో పాటు హెచ్చుతగ్గులు వస్తే ఆల్టర్నేటరు, బెల్టు వైపు చూడాలి. ఇండికేటరు వేసినప్పుడల్లా ఆ తాళానికే మీటరు దీపాలు కూడా తగ్గి హెచ్చుతుంటే, రెండింటికీ ఉమ్మడిగా వున్న ఎర్తు చెడిందని గ్రహించాలి.

కరెంటు వెళ్ళేదారి, తిరిగివచ్చే దారి

ఇంటి దీపానికి రెండు వైర్లు వుంటాయి. బండిలో దీపానికి సాధారణంగా వెళ్ళే వైరు ఒకటే ప్రత్యేకంగా వుంటుంది. తిరిగివచ్చే దారి బండి ఇనుప శరీరమే. దీనినే బాడీ ఎర్తు అంటారు. బ్యాటరీ మైనస్ నుంచి ఛాసిస్‌కు ఒక లావు తీగ, ఛాసిస్ నుంచి ఇంజనుకు మరొక లావు తీగ లేక అల్లిన పట్టీ వుంటాయి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చొని వుంటుంది కనుక ఆ పట్టీ లేకపోతే కరెంటుకు సరైన దారి లేదు. సెల్ఫు మోటారు, ఆల్టర్నేటరు రెండూ ఇంజనుకే బిగించి వుంటాయి. వాటి కరెంటు అంతా ఆ పట్టీ గుండానే నడవాలి.

హవల్దారు గారు ఇంజను నడిపించి, హెడ్‌లైట్లు వేయించి, మల్టీమీటరుతో కొలిచాడు. ఆల్టర్నేటరు వద్ద 14.3 వోల్టులు వున్నాయి. అంటే ఆల్టర్నేటరు బాగానే వుంది. బ్యాటరీ రెండు కొసల మధ్య చూస్తే 12.9 మాత్రమే. మధ్యలో 1.4 వోల్టులు ఎక్కడో పోయాయి. ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ ప్లస్‌కు వచ్చే వైరు మీద కొలిస్తే 0.2 వోల్టు నష్టం. అది పరవాలేదు. బ్యాటరీ మైనస్‌కు, ఇంజను దిమ్మకు మధ్య కొలిస్తే 1.2 వోల్టులు. 0.2, 1.2 కలిపితే 1.4. లెక్క సరిపోయింది. దొంగ దొరికాడు.

పట్టీ బోల్టు విప్పి చూస్తే దాని కింద నిగనిగలాడే కొత్త రంగు వుంది. ఫిబ్రవరిలో సంఘం పేరు రాయించడానికి బండికి రంగు వేయించారు. రంగు వేసినవారు ఆ పట్టీని విప్పి, కింద కూడా రంగు కొట్టి, ఆ రంగు మీదనే మళ్ళీ బిగించారు. రంగుపూత కరెంటును పోనివ్వదు. బోల్టు మరల మధ్య దొరికిన కాస్త సందులోనే కరెంటు ఇన్నాళ్ళూ నడిచింది. డ్రైవరు లాగ్‌బుక్కులో మొదటిసారి రాసిన తేదీ చూస్తే, రంగు వేసిన నాలుగవ రోజు.

ఆ చిన్న అడ్డం పాలబండిని ఎట్లా ఆపిందో లెక్క చూడండి. ఆ పట్టీ గుండా సుమారు 30 ఆంపియర్లు పోతుంటే 1.2 వోల్టులు నష్టమైతే, ఆ జాయింటులో అడ్డం 0.04 ఓము. ఇది చాలా స్వల్పంగా కనిపిస్తుంది. సెల్ఫు తిరగడానికి 150 ఆంపియర్లు కావాలనుకుందాము. 150ని 0.04తో గుణిస్తే 6 వోల్టులు. 12 వోల్టులలో సగం ఒక్క బోల్టు కిందనే పోతే సెల్ఫు తిరగలేదు, టక్కుమంటుంది. బ్యాటరీకి చేరే వోల్టేజి కూడా చాలనందువల్ల కొత్త బ్యాటరీ సైతం రోజురోజుకూ నీరసించింది. రంగు గీకి, పట్టీ మార్చి, బిగించడానికి అయిన ఖర్చు రెండు వందల రూపాయలు కూడా లేదు. తరువాత ఆల్టర్నేటరు వద్ద 14.3, బ్యాటరీ వద్ద 14.0, ఎర్తు నష్టం 0.1. దీపాలు నిలకడగా వెలిగాయి.

మార్చిలో తీసివేసిన ఆల్టర్నేటరు నిజంగా చెడిందా అని తెలుసుకోగోరాము. అది పాతసామానుగా అప్పుడే పోయింది. చెడిందో లేదో ఇక తేల్చే దారి లేదు. తీసేముందు ఎవరూ కొలవలేదు.

వెతకవలసిన వరుస

ఖర్చు లేనిదాని నుంచి ఖర్చు వున్నదాని వైపు వెళ్ళాలి. బండిని న్యూట్రల్‌లో వుంచి హ్యాండుబ్రేకు వేయండి. ఇంజను నడుస్తున్నప్పుడు కండువా, చీరకొంగు, వేలాడే చేతులు బెల్టు దరిదాపులకు రానివ్వవద్దు.

మొదటిది, బ్యాటరీ కొసలు. ఇంజను ఆపి, టెర్మినల్‌ను చేత్తో కదిపి చూడండి. కదిలితే అదే లోపం కావచ్చు. తెల్లగా, పచ్చగా చిలుము పట్టి వుంటే మైనస్ తీగను ముందు విప్పండి, ప్లస్‌ను తరువాత విప్పండి. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, బాగా తుడిచి ఆరనివ్వండి. సోడానీరు బ్యాటరీ గదులలోకి పోరాదు. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. పైన కొద్దిగా వాజిలైను రాయండి. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల, బీడీ పనికిరావు. దానినుంచి మండే వాయువు వస్తుంది.

రెండవది, ఎర్తు తీగలు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఇంజనుకు వున్నవాటిని చివరికంటా చూడండి. పట్టీ పోగులు తెగాయా, బోల్టు కింద తుప్పు గాని, రంగు గాని వుందా చూసి, లోహం మెరిసేదాకా గీకి బిగించండి.

మూడవది, బెల్టు. పాత రకపు ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. ఎక్కువ దిగితే బెల్టు జారుతుంది. దీపాలు వేయగానే కీచుమనడం దీనికి గుర్తు. కొత్త బండ్లలో తానే బిగించుకొనే ఏర్పాటు వుంటుంది. వాటిలో పగుళ్ళు, అరుగుదల మాత్రం చూడాలి.

నాలుగవది, వోల్టేజి. మల్టీమీటరు ప్రతి సంఘమూ కొనుక్కోదగినంత చవక. బండి కొన్ని గంటలు నిలిచి వున్న తరువాత మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపులో చూపుతుంది. 12.2 అంటే సుమారు సగమే నిండినట్లు. ఇంజను నడుస్తుండగా సాధారణంగా 13.8కి, 14.5కి మధ్య వుండాలి. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పిందని అనుమానించాలి. బల్బులు మాడతాయి, బ్యాటరీ నీరు ఇంకిపోతుంది. ఆల్టర్నేటరును కంప్యూటరు అదుపు చేసే కొత్త కార్లలో ఈ అంకెలు కొంత మారుతుంటాయి. రెండు బ్యాటరీల 24 వోల్టుల పెద్ద ట్యాంకర్లకు వీటిని రెట్టింపు చేసుకోవాలి.

అయిదవది, నష్టం. దీపాలన్నీ వేసి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మైనస్‌కు, ఇంజను దిమ్మకు మధ్య కొలవండి. 0.2 వోల్టుకు మించరాదు. ప్లస్ వైపు కూడా అట్లే కొలవాలి.

ఇవన్నీ సరిగా వున్న తరువాతనే ఆరవదైన ఆల్టర్నేటరు వంతు. అందులో కార్బన్ బ్రష్షులు అరగవచ్చు, డయోడు పోవచ్చు. మల్టీమీటరును ఎ.సి. వైపు తిప్పి బ్యాటరీ మీద పెడితే అర వోల్టు కన్నా ఎక్కువ చూపితే డయోడును అనుమానించాలి. బ్రష్షులు మాత్రమే అరిగితే అవి మార్చితే చాలు. ఆల్టర్నేటరు మొత్తం కొననక్కరలేదు.

మీటర్ల బోర్డు దీపాలు మాత్రమే కొట్టుకుంటే

ముందుగా వెలుతురు హెచ్చించి తగ్గించే మీట వుంటే దానిని ఆ చివర నుంచి ఈ చివరకు పదిసార్లు తిప్పండి. పూర్తి వెలుతురులో దీపాలు నిలకడగా వుండి, మధ్యలో కొట్టుకుంటే లోపం ఆ మీటలోనే వుంది. తరువాత బోర్డును పైనుంచి మెల్లగా తట్టి చూడండి. తట్టినప్పుడు మారితే వెనుక ప్లగ్గు గాని, బల్బు పట్టుకొనే చోటు గాని వదులైంది.

చాలా బండ్లలో మీటరు దీపాలకూ వెనుక పార్కింగు దీపాలకూ కరెంటు ఒకే ఫ్యూజు నుంచి వస్తుంది. కనుక ముందు దీపం చెడితే వెనుక దీపం కూడా చూడాలి. పాలబండ్లలో ఇది మరీ ముఖ్యం. క్యాన్ల నుంచి ఒలికిన పాలు, కడిగిన నీళ్ళు వెనుక దీపపు గూటిలోకి దిగి తుప్పు పట్టిస్తాయి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టే అలవాటు బండినే కాల్చగలదు.

ఎల్.ఇ.డి. దీపాలు వున్న కొత్త కార్లలో వెలుతురు తగ్గించడానికి దీపాన్ని కంటికి అందనంత వేగంగా వెలిగించి ఆర్పుతుంటారు. సెల్‌ఫోను కెమెరాలో చూస్తే అది కొట్టుకుంటున్నట్లు కనిపిస్తుంది. కంటికి కనిపించకపోతే అది లోపం కాదు. పాత బల్బు తీసి నాసిరకం ఎల్.ఇ.డి. వేసి, అది మినుకుమంటే మాత్రం తప్పు బల్బుదే.

పాత అలవాట్లు, కొత్త బండ్లు

2014 వరకు తయారైన అంబాసిడర్ కార్లలో పాతవాటికి ఆల్టర్నేటరు గాక డైనమో వుండేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో చాలినంత కరెంటు ఇవ్వలేదు. చౌరస్తాలో ఆగితే దీపాలు మందగించి, ఎర్రదీపం మినుకుమనడం ఆ కార్లకు సహజం. ఆల్టర్నేటరు ఇంజను నెమ్మదిగా వున్నా కరెంటు ఇస్తుంది కనుక నేటి బండ్లలో అట్లా జరిగితే పట్టించుకోవాలి.

ఆ రోజుల నుంచి వచ్చిన మరొక అలవాటు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లాగివేసి, ఇంజను ఆగకపోతే ఛార్జింగు బాగుందనుకోవడం. ఆల్టర్నేటరు బండిలో ఇట్లా చేయనే కూడదు. తీగ లాగిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా అనేక రెట్లు లేచి, డయోడులను, ఇంజను కంప్యూటరును కాల్చివేస్తుంది. ఎవరైనా మెకానిక్కు అందుకు చేయి చాపితే వద్దని చెప్పండి. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో పసుపుపచ్చ వైర్ల జోలికి కూడా పోవద్దు.

తేలికగా తీసుకోరాని దీపాలు

వెలుతురు కోసం వున్న దీపాలు వేరు, హెచ్చరించే దీపాలు వేరు. నూనెడబ్బా గుర్తున్న ఎర్రదీపం మినుకుమంటే ఇంజనులో ఆయిలు వత్తిడి తగ్గివుండవచ్చు. వెంటనే ఇంజను ఆపి ఆయిలు చూడాలి. బ్రేకు గుర్తున్న ఎర్రదీపం మలుపులలో మినుకుమంటే బ్రేకు ఆయిలు తగ్గిందేమో చూడాలి. వైరు వదులైందని అనుకుని పాలతో పాటు ప్రాణాలను పందెం పెట్టరాదు.

బ్యాటరీ గుర్తున్న దీపం దారిలో వెలిగితే ఎ.సి., ఫ్యాను, పాటల పెట్టె ఆపివేయండి. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోకపోవచ్చు కనుక దగ్గరలోని అనువైన చోటికి చేరండి. అయితే వేడి చూపే ముల్లు పైకి పోతుంటే బెల్టు తెగి నీటిపంపు కూడా ఆగివుండవచ్చు. అప్పుడు బండిని పక్కకు తీసి ఇంజను ఆపవలసినదే.

సంఘాలు చేయవలసినది

పాలలో నీళ్ళు కలిశాయని లాక్టోమీటరు పెట్టకుండా మనం ఏ సభ్యుని మీదా అనము. బండి విషయంలో కూడా అదే న్యాయం వుండాలి. ఆల్టర్నేటరు గాని, బ్యాటరీ గాని మార్చాలన్నప్పుడు మార్చేముందు వోల్టులు ఎంత, మార్చిన తరువాత ఎంత అన్నది బిల్లు వెనుక రాయించండి. పాత సామాను సంఘానికి తెప్పించి, కనీసం ఒక నెల వుంచండి. బండికి రంగు వేసినా, బాడీ పని చేయించినా, తిరిగి వచ్చిన రోజునే ఎర్తు పట్టీలు చూడండి. కార్యదర్శి లాగ్‌బుక్కు మీద సంతకం చేసేముందు అందులోని మాట చదవాలి. ఒకే ఫిర్యాదు రెండవసారి కనిపిస్తే, మొదటి మరమ్మత్తు తప్పుచోట జరిగిందని దాని అర్థం.

ఆనాటి పాలకవర్గ సమావేశంలో ఆ లాగ్‌బుక్కును మేము పైకి చదివి వినిపించాము. డ్రైవరును తీసివేసే తీర్మానం రాయలేదు. ఆ 9 క్యాన్ల డబ్బు మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి బండి మరమ్మత్తు వోచరు మా ముందుకు వస్తే సంతకాలు చూసిన తరువాత ఒక మాట అడుగుతున్నాము: "ఎంత వోల్టులు వచ్చింది?" మీ సంఘంలో కూడా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగే అలవాటు చేసుకోవాలని మా మనవి.